రిపోర్టు కింద నాలుగు తెలుగు వాక్యాలు రాయండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో డయాగ్నస్టిక్ ల్యాబ్‌లు నడుపుతున్న యాజమాన్యాలకు, రిపోర్టుల మీద సంతకం పెట్టే పాథాలజిస్టులకు నమస్కారం.

నేను నరసరావుపేటలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. వెన్నెముక కీళ్లు వాచి, పూసలు మెల్లగా అతుక్కుపోయే ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ అనే జబ్బుతో ఇరవై ఎనిమిదేళ్లుగా కాపురం చేస్తున్నాను. జీన్ల పాఠం బోర్డు మీద రాసేదీ నేనే, బోర్డు పైభాగం అందక పిల్లల చేత తుడిపించేదీ నేనే. ఈ రెండు అర్హతలతో మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ మధ్య ఒక రాత్రి పదకొండింటికి మా తమ్ముడు వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపాడు. కింద ఒక్క ముక్క రాయలేదు. తెరిచి చూస్తే వాడి కూతురి రక్తపరీక్ష రిపోర్టు. హెచ్ఎల్ఏ-బి27, పాజిటివ్. నాకున్న జబ్బుతో గట్టి సంబంధం ఉన్న జీన్ అది. ఆ పాజిటివ్ అన్న మాట ఒక్కటీ ఎర్ర రంగులో ఉంది. అడుగున సన్నటి ఇంగ్లిష్ అక్షరాల్లో, లక్షణాలతో కలిపి చూసుకోవాలని ఒక వాక్యం. అంతే.

ఆ పిల్లకు ఇరవై నాలుగేళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. హాస్టల్లో ఇరవై లీటర్ల నీళ్ల టిన్ను ఎత్తబోయి నడుము పట్టేసింది. పడుకుంటే హాయిగా ఉండేది, వంగితే కలుక్కుమనేది. పది పన్నెండు రోజుల్లో తగ్గిపోయింది కూడా. ఈలోపు ఫోన్‌లో నడుము నొప్పి ప్యాకేజీ అని, సగం ధర అని ఏదో ప్రకటన కనబడింది. డాక్టరు రాయలేదు, ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లారు, మర్నాడు రిపోర్టు పంపారు. గూగుల్‌లో కొడితే నడుము విల్లులా వంగిపోయిన మనుషుల ఫొటోలు వచ్చాయి.

అప్పటికే పిల్లకు సంబంధం చూస్తున్నారు. జాతకాలు కలిశాయి, తాంబూలాల మాట నడుస్తోంది. మా మరదలు నాకు ఫోన్ చేసి, "బావగారూ, ఇది ఎక్కడా అనకండి" అంది. తర్వాత చిన్న గొంతుతో, "మీలాగే అవుతుందా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నేను నొచ్చుకోలేదు. అది అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే దానికి జవాబు మీ రిపోర్టులో ఉండాల్సింది, అర్ధరాత్రి నా దగ్గర కాదు.

మీకు తెలిసిన సంగతే అయినా ఒకసారి 1973కి వెళదాం. ఆ ఏడాది లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆస్పత్రిలో డెరిక్ బ్రూవర్టన్ బృందం ఈ జబ్బున్న 75 మంది రక్తం పరీక్షించింది. 72 మందిలో బి27 కనబడింది. జబ్బు లేని 75 మందిని పరీక్షిస్తే ముగ్గురిలో కనబడింది. అదే ఏడాది లాస్ ఏంజెలెస్‌లో పాల్ తెరసాకి తదితరులు 40 మంది రోగుల్లో 35 మందికి ఈ జీన్ ఉందనీ, మామూలు జనంలో నూటికి ఎనిమిది మందికి మాత్రమే ఉందనీ చూపించారు. కిడ్నీ మార్పిడికి ఎవరిది ఎవరికి సరిపోతుందో చూసే పరీక్ష నుంచి పుట్టిన విద్య ఇది. వెన్నెముక గుట్టు దాన్లోంచి బయటపడుతుందని ముందు ఎవరు అనుకుని ఉంటారు?

ఆ 72 అన్న అంకె లోకమంతా పాకింది. మన ప్యాకేజీల్లో ఈ పరీక్ష చేరిందీ దాని పుణ్యమే. నేను మాట్లాడదలుచుకున్నది మాత్రం ఆ లెక్కలో మిగిలిపోయిన రెండు మూళ్ల గురించి. జీన్ ఉండీ జబ్బు లేని ముగ్గురు. జబ్బు ఉండీ జీన్ లేని ముగ్గురు. మొదటి రోజు నుంచీ ఆ ఆరుగురూ పట్టికలోనే ఉన్నారు. మీ రిపోర్టులో లేనిది వాళ్లే.

ముందు జీన్ ఉండీ జబ్బు లేనివాళ్లు. మా ఇంట్లోనే ఒకడున్నాడు, మా తమ్ముడు. నాకు జబ్బు బయటపడ్డాక మా డాక్టరు వాడికీ పరీక్ష చేయించారు. పాజిటివ్. ఇద్దరం ఒక తల్లి బిడ్డలం, ఒకే కంచంలో తిన్నవాళ్లం. వాడికి ఇప్పుడు నలభై ఎనిమిదేళ్లు, సాయంత్రం అయితే వాలీబాల్ ఆడతాడు. నేను రోడ్డు దాటాలంటే మెడ తిరగదు కాబట్టి మొత్తం మనిషిని తిరుగుతాను.

మా నాన్నకూ ఇంతే. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ఆయన మెడ తిప్పేవాడు కాదు, ఆగి, ఒళ్లంతా తిప్పి చూసేవాడు. ఊళ్లో పొగరుబోతు అన్నారు. చుట్ట కాలుస్తూ అరుగు మీద నిటారుగా కూర్చున్న ఆ మనిషికి అది పొగరు కాదనీ, వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయనీ నాకు తట్టేసరికి ఆయన లేడు. ఆయనకు పరీక్ష ఏదీ జరగలేదు. చుట్ట మానమని చెప్పేవాళ్లు కూడా లేరు. పొగ ఈ జబ్బును ముదరబెడుతుందని ఇప్పుడు తెలుసు.

ఒకే జీన్ ఒకడిని వంచి ఇంకొకడిని ఎందుకు వదిలేస్తుంది? క్లాసులో పిల్లలు ఈ ప్రశ్న వేస్తే నేను గుంటూరు మిర్చి యార్డుకు తీసుకెళ్తాను. బస్తా లోపల ఏముందో కొనేవాడికి తెలియాలంటే లోపలి సరుకు గుప్పెడు తీసి పైన పెట్టి చూపించాలి. ఒంట్లో దాదాపు ప్రతి కణమూ ఇదే పని చేస్తుంది. లోపల తయారైన ప్రోటీన్లను ముక్కలు చేసి, ఒక్కో ముక్కను హెచ్ఎల్ఏ అనే పళ్లెంలో పెట్టి గోడ బయట చూపిస్తుంది. ఒంటికి కాపలా కాసే తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన టీ-కణాలు బేరగాళ్లలా తిరుగుతూ చూసుకుంటాయి. మనదే అయితే వదిలేస్తాయి. వైరస్ ముక్క కనబడిందా, ఆ కణం పని అయిపోయినట్టే. ఈ పళ్లేల జీన్లు ఆరో క్రోమోజోమ్ మీద ఉంటాయి. మనిషి మనిషికీ తేడా ఉంటాయి కాబట్టే ఒకరి కిడ్నీ ఇంకొకరికి అంత తేలిగ్గా పడదు. బి27 అలాంటి పళ్లెంలో ఒక రకం.

బి27 చెడ్డ జీన్ అనుకుంటారేమో, కాదు. హెచ్ఐవీ సోకినవాళ్లలో బి27 ఉంటే జబ్బు నెమ్మదిగా ముదురుతుంది, ఎందుకంటే ఆ వైరస్ తేలిగ్గా మార్చుకోలేని ఒక ముక్కను ఈ పళ్లెం పట్టి చూపిస్తుంది. కెనడా పడమటి తీరంలోని హైడా తెగలో సుమారు సగం మందికి ఈ జీన్ ఉంది. జపాన్‌లో నూటికి ఒకరికి కూడా లేదు. మనిషి ఏ కాలంలో ఏ రోగంతో పోరాడి మిగిలాడో దాని గుర్తులు ఇవి అనిపిస్తుంది నాకు. ఎర్ర సిరా పడాల్సినంత నేరం ఇందులో లేదు.

యార్డులో మిర్చికి తొడిమలు తీసే ఆడవాళ్లు ఉంటారు కదా. కణంలో ఆ పని చేసేది ఈఆర్ఏపీ1 అనే ఎంజైమ్. పళ్లెంలో సరిపోయేలా ప్రోటీన్ ముక్క ముందు కొసను కత్తిరిస్తుంది. బి27 పళ్లెంలోకి మామూలుగా తొమ్మిది అమైనో ఆమ్లాల ముక్క సరిపోతుంది, రెండో స్థానంలో ఆర్జినిన్ ఉంటే మరీ ఇష్టం. ఈఆర్ఏపీ1 జీన్‌లో తేడాలకు ఈ జబ్బుతో సంబంధం ఉందని 2007లో తెలిసింది. ఆ తేడాలు ముఖ్యంగా బి27 ఉన్నవాళ్లలోనే ప్రభావం చూపుతాయని 2011లో తేలింది. అంటే పళ్లెం ఒక్కటే కాదు, తొడిమ తీసే చెయ్యి కూడా లెక్కలోకి వచ్చింది. ఇప్పటికి జీనోమ్‌లో వందకు పైగా చోట్ల ఈ జబ్బుకు సంబంధించిన చిన్న చిన్న తేడాలు దొరికాయి. వంశం నుంచి వచ్చే మొత్తం బరువులో బి27 వాటా సుమారు ఐదో వంతే. దానంత పెద్ద వాటా మరొక దానికి లేదన్నదీ నిజమే.

ఇంతకీ ఈ జీన్ జబ్బును ఎలా పుట్టిస్తుందో యాభై ఏళ్ల తర్వాత కూడా తగాదానే. పళ్లెంలో పెట్టిన మన సొంత ముక్క ఏదో సూక్ష్మక్రిమి ముక్కలా కనబడి టీ-కణాలు మోసపోతాయని ఒక వాదం. 2022లో రోగుల కీళ్లలోంచి, కళ్లలోంచి తీసిన టీ-కణాలు అలా బాక్టీరియా ముక్కనూ, మన ముక్కనూ రెండింటినీ పట్టుకున్నాయని చూపించడంతో దీనికి బలం వచ్చింది. బి27 సరిగ్గా మడత పడక కణం లోపలే పేరుకుని గొడవ చేస్తుందని ఇంకో వాదం. పళ్లేలు రెండేసి జతకట్టి గోడ మీద తిరుగుతూ వేరే కణాలను రెచ్చగొడతాయని మూడోది. మూడూ కొంత కొంత నిజం కావచ్చు. నాకు మహా ఇష్టమైన ప్రయోగం మాత్రం ఎలుకలది. 1990లో మనిషి బి27ను ఎలుకల్లో పెడితే వాటికి పేగులు వాచాయి, కీళ్లు వాచాయి. అవే ఎలుకలను ఏ క్రిమీ లేని గదిలో పెంచితే పేగులూ బాగానే ఉన్నాయి, కీళ్లూ బాగానే ఉన్నాయి. జీన్ మాత్రం అదే.

మా మరదలికి ఫోన్‌లో ఈ ఎలుకల కథే చెప్పాను. పురాణం విన్నట్టు విని, "అయితే పిల్లను ఎక్కడ పెంచాలి?" అంది.

సరే, అంకెల్లో చెప్పుకుందాం. లెక్క కోసం ఒక ఊళ్లో వెయ్యి మందిలో అరవై మందికి బి27 ఉందనుకోండి. ఈ జీన్ ఉన్నవాళ్లలో జబ్బు వచ్చేది నూటికి ఐదుగురికి, చాలా చోట్ల అంతకంటే తక్కువ మందికి. అంటే ఆ అరవైలో ముగ్గురు. మిగతా యాభై ఏడు మంది తమకు ఆ జీన్ ఉందని తెలియకుండానే నిండు నూరేళ్లు బతుకుతారు, మీ ప్యాకేజీ కొనకపోతే. తల్లికో తండ్రికో, తోడబుట్టినవాళ్లకో జబ్బు ఉండి, తమకూ జీన్ ఉంటే ముప్పు కొన్ని రెట్లు పెరుగుతుంది. అప్పుడు కూడా రానివాళ్లే ఎక్కువ. మా పిల్లకు జబ్బున్నది పెదనాన్నకు, తండ్రికి కాదు.

ఇంకో సంగతి. బి27లోనే చాలా ఉపరకాలున్నాయి. ఆగ్నేయాసియాలో కనబడే 27:06, ఇటలీ సార్డీనియా దీవిలో కనబడే 27:09 ఈ జబ్బుతో దాదాపు సంబంధం లేనివి. జబ్బుతో గట్టి సంబంధమున్న 27:05కూ, ఆ 27:09కూ తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లం. మీ మామూలు రిపోర్టు ఉపరకం చెప్పదు. కణం పైనున్న పళ్లేన్ని చూసే ఫ్లో సైటోమెట్రీ పద్ధతిలో చేస్తే బి7 అనే దగ్గరి చుట్టం బి27లా కనబడి పొరపాటు పడే అవకాశమూ ఉంది, అందుకే అనుమానం వస్తే నేరుగా జీన్‌నే చూసే పీసీఆర్‌తో సరిచూస్తారు. ఏ పద్ధతిలో చేశారో, అనుమానపు ఫలితమో ఖాయమో రిపోర్టు మీద స్పష్టంగా రాయడానికి ఖర్చేమీ కాదు కదా.

ఇక రెండో ముగ్గురు, జీన్ లేకుండా జబ్బు ఉన్నవాళ్లు. వీళ్ల గురించి నాకు భయం ఎక్కువ. ఆస్పత్రి బెంచీ మీద నా పక్కన కూర్చున్న ఒకావిడ చెప్పింది, బట్టలు కుడుతుంది. తెల్లవారుజామున నొప్పితో మెలకువ, పొద్దున గంటసేపు నడుము బిగుసుకుపోవడం, ఎవరిని అడిగినా కుట్టుమిషన్ మీద పడేసేవారట. చివరికి ఎవరో బి27 రాశారు. నెగెటివ్ వచ్చింది. "ఏమీ లేదమ్మా" అని పంపేశారు. ఎంఆర్ఐ తీసి తుంటి దగ్గర సాక్రోఇలియాక్ కీళ్లలో వాపు చూసేసరికి మరో రెండేళ్లు పోయాయి. ఇది మగవాళ్ల జబ్బు అన్న పాత నమ్మకం కూడా ఆడవాళ్లకు శాపమైంది. వాళ్లలో ఎక్స్‌రేలో మార్పులు తక్కువగా, ఆలస్యంగా కనబడతాయి. మన దేశంలోనూ ఈ జబ్బున్నవాళ్లలో కొందరికి ఈ జీన్ ఉండదు. సోరియాసిస్, పేగుల వాపు ఉన్నవాళ్లకు వచ్చే వెన్ను వాతంలో నెగెటివ్ రావడం ఇంకా మామూలు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే పరీక్షే దండగ అంటున్నానని అనుకుంటారు. కానే కాదు. ఇరవై మూడో ఏట పిర్రల్లో నొప్పి మొదలైంది, ఓ వారం కుడి, ఓ వారం ఎడమ. రాత్రి మూడింటికి లేచి డాబా మీద పచార్లు చేస్తే తగ్గేది. పడుకుంటే పెరిగేది. డిస్క్ అన్నారు, సయాటికా అన్నారు, బెల్టు కట్టారు, మూడు వారాలు మంచం దిగొద్దన్నారు. ఈ జబ్బుకు మంచం కంటే శత్రువు లేదు. ఎనిమిదేళ్ల తర్వాత ఒకరోజు కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోతే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన నా కంట్లోకి దీపం వేసి చూస్తూనే అడిగారు, "పొద్దున లేవగానే నడుము పట్టేస్తుందా?" ఎనిమిదేళ్లలో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆయన. కంటి లోపల వచ్చే ఆ వాపు, యువైటిస్, బి27 వాళ్లలో తరచుగా వస్తుంది. ఆయన బి27 రాశారు, పాజిటివ్ వచ్చింది, కీళ్లవాతాలు చూసే డాక్టరు, రుమటాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఆ రోజు ఆ కాగితం నాకు దారి చూపించింది. ఎందుకంటే ముందు ప్రశ్న వచ్చింది, తర్వాత పరీక్ష వచ్చింది.

నలభై ఐదేళ్ల లోపు మొదలై మూడు నెలలు దాటిన నొప్పి, విశ్రాంతితో పెరిగి కదిలితే తగ్గే నొప్పి, అర్ధరాత్రి దాటాక లేపే నొప్పి, పొద్దున అరగంటకు పైగా పట్టేయడం. వీటిలో కొన్నైనా ఉన్నవాళ్లకు బి27 మంచి ఆధారం. నీళ్ల టిన్ను ఎత్తి నడుము పట్టేసిన పిల్లకు అది టెన్షన్ తప్ప ఇంకేమీ కాదు. మీ కలెక్షన్ సెంటర్‌లో కుర్రాడు సూది గుచ్చే ముందు ఈ ప్రశ్నలు అడిగితే రెండు నిమిషాలు పడుతుంది. డాక్టరు చీటీ లేకుండా ఈ పరీక్ష ప్యాకేజీల్లో కలపడం మానేస్తే ఆ రెండు నిమిషాలు కూడా మిగులుతాయి.

జీన్ తెలిస్తే మందు తెలిసిపోతుందని కూడా అనుకోవద్దు. ఒంట్లో వాపును రెచ్చగొట్టే ఐఎల్-23 అనే సంకేతాన్ని అందుకునే జీన్‌కు ఈ జబ్బుతో సంబంధం ఉందని 2007లోనే తెలిసింది. తీరా ఆ సంకేతాన్ని ఆపే మందులు వెన్నెముక జబ్బు మీద పరీక్షిస్తే పని చేయలేదు. దాని దిగువన ఉన్న ఐఎల్-17ను ఆపేవి పని చేశాయి, టీఎన్ఎఫ్ అనే మరో వాపు సంకేతాన్ని ఆపేవీ పని చేశాయి. టీఎన్ఎఫ్‌ను ఆపే అడాలిముమాబ్ అనే సూదిమందుకు బయోసిమిలర్, అంటే దాన్ని పోలిన మందు, 2014 చివర్లో మన దేశంలోనే తయారై వచ్చాక నా లాంటి జీతగాళ్లకు ఆ సూదులు కొంత అందుబాటులోకి వచ్చాయి. వాటికి ముందు టీబీ ఉందేమో చూసుకోవాలి, అది వేరే కథ. ఇవన్నీ వేళకు రోగం గుర్తిస్తేనే. నాకు ఎనిమిదేళ్లలో అతుక్కున్న పూసలను ఏ సూదీ విడదీయలేదు.

నేను అడిగేది చిన్నది. రిపోర్టు కింద, పాజిటివ్ వచ్చినా నెగెటివ్ వచ్చినా, ఈ మాటలు తెలుగులో అచ్చు వేయండి:

"బి27 పాజిటివ్ అంటే జబ్బు ఉందని కాదు, ఈ జీన్ ఉన్నవాళ్లలో చాలామందికి జీవితాంతం దీనివల్ల ఏ జబ్బూ రాదు. నెగెటివ్ అంటే జబ్బు లేదనీ కాదు. పొద్దున నడుము పట్టేయడం, కదిలితే తగ్గే నొప్పి, పదే పదే కన్ను ఎర్రబడటం ఉంటే ఫలితం ఏదైనా రుమటాలజిస్ట్‌ను కలవండి. ఈ జీన్ జీవితాంతం మారదు కాబట్టి సరిగ్గా చేసిన పరీక్షను మళ్లీ చేయించనక్కరలేదు."

ఆ నాలుగో వాక్యం మీకు నచ్చదని తెలుసు. నా దగ్గర వేర్వేరు డాక్టర్లు మళ్లీ మళ్లీ రాయించిన బి27 రిపోర్టులు నాలుగున్నాయి, నాలుగూ ఒకటే చెబుతున్నాయి.

మా పిల్ల రిపోర్టును ప్రింట్ తీసి, మార్జిన్‌లో ఈ నాలుగు వాక్యాలూ పెన్నుతో రాసి తమ్ముడికి ఇచ్చాను. అది పట్టుకుని వాడే పెళ్లివారింటికి వెళ్లాడు, దాచడం ఇష్టం లేదన్నాడు. అబ్బాయి తండ్రి మొత్తం చదివి, "మీకూ ఉందా ఈ జీన్?" అని అడిగాడట. ఉందన్నాడు వీడు. ఆయన వీడిని ఎగాదిగా చూసి, ఆలోచించుకుని చెబుతామన్నాడట. ఇంకా కబురు రాలేదు.

మీ రిపోర్టులకు ఈ వాక్యాలు సరిపోవనుకుంటే మార్చండి, మీ దగ్గర నాకంటే తెలిసినవాళ్లు ఉంటారు. తెలుగు సరిచూడటానికి మనిషి కావాలంటే నేను వస్తాను, ఆదివారాలు ఖాళీయే. అక్షరాలు మాత్రం కాస్త పెద్దవిగా వేయండి. యువైటిస్ నాలుగుసార్లు వచ్చిపోయిన కన్ను నాది.

ఇట్లు,
నరసరావుపేట నుంచి ఒక జువాలజీ లెక్చరర్